‘సున్నా’ చూసి గుండు కొట్టించాం, ఇప్పుడు ‘రెండు’ అంటున్నారు

చిత్తూరు పక్క పల్లెలో పుట్టి, తిరుపతిలో టీచరుగా పనిచేస్తున్న 38 ఏళ్ళ పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె నాయనకు 64 ఏళ్ళు, ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యారు. నైట్ డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి మొదలుపెట్టిన వక్కాకు, పొగాకు రిటైరయ్యాక కూడా వదల్లేదు. నిరుడు ఎండాకాలంలో ఎడమ బుగ్గ లోపల మానని పుండు కనిపించింది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరని తేలింది. పొరుగు రాష్ట్రంలో ఆపరేషన్ చేసి బుగ్గ లోపలి భాగాన్నీ మెడలోని లింఫు గ్రంథుల్నీ తీసేశారు. ఛాతీ దగ్గరి కండ తెచ్చి బుగ్గకు అతికారు. తర్వాత 30 సిట్టింగులు కరెంటు (రేడియేషన్) పెట్టారు. దీపావళికి ముందే అదంతా ముగిసింది.

సంక్రాంతి దాటాక తిరుపతిలో ఒక స్కానింగ్ సెంటర్‌లో మందు ఎక్కించి సీటీ తీయించారు. రిపోర్టు చివర ‘నై-రాడ్స్: 0’ అని ఉంది. సున్నా అంటే ఏమీ లేదని అందరూ అనుకున్నారు. బంధువులకు ఫోన్లు వెళ్ళాయి. నాయనను కొండకు తీసుకెళ్ళి మొక్కు తీర్చి గుండు కొట్టించారు. పది రోజులకు సెంటర్ నుంచి ఫోను: “పాత స్కాన్ల సీడీలు తెస్తామన్నారు, ఇంకా ఇవ్వలేదేమండీ?” వెతికితే ఒక సీడీ నాయన పాత టికెట్ల సంచీలో దొరికింది. రెండోదాన్ని అప్పటికే చిలకలు రాకుండా మామిడి కొమ్మకు వేలాడదీశారు. దొరికిన సీడీ ఇచ్చిన వారానికి కొత్త కాగితం చేతికొచ్చింది. బుగ్గకు ‘2బి’, మెడకు ‘1’. అదేమిటో సెంటర్‌లో ఎవరూ చెప్పలేదు, “డాక్టరుకు చూపించండి” అన్నారంతే.

ఆ కాగితం చూసినప్పటి నుంచి ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. బెంగళూరులో ఉన్న అన్న నెట్‌లో వెతికి ‘రెండో స్టేజి’ అని తేల్చాడు, వెంటనే బయాప్సీ (ముక్క తీసి పరీక్ష) చేయించాల్సిందే అంటున్నాడు. మేనమామ, కత్తి తగిలితే జబ్బు పాకుతుంది, ముట్టుకోవద్దంటున్నాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు వీడియో కాల్‌లో రెండు నిమిషాలు మాట్లాడి, “మూడు నెలలకు మళ్ళీ స్కాన్ తీసి రండి, లేదా పెట్ స్కాన్ చేయించండి” అన్నారు. అమ్మకు సగమే తెలుసు. నాయనకు సున్నా దాకానే తెలుసు. ఆయనకు చెప్పనని అన్న ఈమె చేత కాణిపాకం వినాయకుడి మీద ప్రమాణం చేయించాడు. మొన్న ఆదివారం సంగటి గరిటె జారుగా కలిపి పెడుతుంటే నాయన తలెత్తకుండా అడిగారట: “ఏమ్మా, నా టికెట్టు యాడి దాకా కొట్టినారు?” ఈమె నీళ్ళ చెంబు తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

“ఆ రెండు అంటే ఏమిటి, ఎవరి మాట వినాలి, నాయనకు చెప్పాలా వద్దా” అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతూ ఆ సీడీ దగ్గర ఆగి నవ్వుకున్నాను, ఏమనుకోకండి. ముప్పై ఏళ్ళు ఎక్స్‌రే గదుల్లో, స్కాన్ గదుల్లో చీకట్లో కూర్చుని రిపోర్టులు రాసిన మనిషిని నేను. మేమంత కష్టపడి తీసిన బొమ్మలు చివరికి చిలకల్ని తోలడానికి పనికొస్తాయని నాకెప్పుడో తెలుసు.

ముందు సున్నా సంగతి. అది ‘ఏమీ లేదు’ అని కాదు, ‘ఇంకా చెప్పలేను’ అని. మెడ, నోరు, గొంతు క్యాన్సర్లకు వైద్యం అయ్యాక తీసే స్కాన్లకు అమెరికన్ రేడియాలజీ కాలేజీ వాళ్ళు పెట్టిన కొలమానం పేరు నై-రాడ్స్. దాని మీద వాళ్ళ పత్రం 2018లో వచ్చింది. రొమ్ము స్కాన్లకు 1993 నుంచే ఉన్న బై-రాడ్స్‌కు ఇది తమ్ముడనుకోండి. పాత స్కాన్లు ఉన్నాయని తెలిసి, అవి ఇంకా చేతికి రానప్పుడు సున్నా వేస్తారు. మీ రిపోర్టులో సున్నా కింద ఇంగ్లీషులో ఒక వాక్యం ఉందని, ‘పాతవి అందాక తుది సంఖ్య ఇవ్వబడును’ అన్నట్టు అర్థమైందని మీరే రాశారు. ఆ వాక్యాన్ని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె ఒక్కటే చూశారు. తప్పు మీది కాదు. బడిలో మీరే పిల్లలకు సున్నా అంటే ఏమీ లేకపోవడమని నేర్పుతారు కదా.

కాబట్టి సున్నా నుంచి రెండుకు జబ్బు పెరిగిందన్న మాట కొట్టేయండి. అక్కడ స్కాన్ ఒక్కటే, తీసిన రోజూ ఒక్కటే. ఆ రోజు బుగ్గలో ఏముందో ఇప్పుడూ కాగితం మీద అదే ఉంది. మధ్యలో మారింది చూసే మనిషికి దొరికిన పాత సీడీ మాత్రమే. ఆపరేషన్ అయిన బుగ్గ స్కాన్‌లో మామూలు బుగ్గలా ఉండదు. ఛాతీ నుంచి తెచ్చిన కండ నరం తెగిపోయి కొన్నాళ్ళు స్కాన్‌కు ఎక్కించిన మందు పీల్చుకుని మెరుస్తుంది, తర్వాత నెమ్మదిగా కొవ్వుగా మారుతుంది. కరెంటు పెట్టిన చోట వాపు, మందం, గీతలు. అది ముందు ఎలా ఉందో తెలియకుండా ఇప్పుడు మారిందో లేదో చెప్పమంటే, ఇల్లు చూడనివాణ్ణి పిలిచి సామాను ఏమైనా కదిలిందా అని అడిగినట్టే.

ఇక రెండు. మీ అన్నగారు రెండో స్టేజి అన్నారు. స్టేజి వేరు, ఇది వేరు. మీ నాయనగారి మాటల్లో చెప్పాలంటే బస్సు మీద నంబరు, సీటు మీద నంబరు, టికెట్టు మీద నంబరు మూడూ అంకెలే. రెండో సీట్లో కూర్చున్నాడని రెండు రూపాయల టికెట్టు కొట్టరు. స్టేజి అనేది జబ్బు కనబడ్డప్పుడు గడ్డ ఎంత, గ్రంథులకు పాకిందా, దూరం పోయిందా అని లెక్కగట్టేది. నై-రాడ్స్ సంఖ్య వైద్యం అయ్యాక, జబ్బు తిరిగొచ్చిందన్న అనుమానం ఎంత, ఇప్పుడు ఏం చేయాలి అని చెప్పేది. ఒకటి అంటే తిరిగొచ్చిన గుర్తులు లేవు, మామూలుగా చూపించుకుంటూ ఉండండి అని. రెండు అంటే అనుమానం తక్కువే, కానీ వదిలేయకూడదు అని. మూడు అంటే అనుమానం గట్టిది, ముక్క తీయండి అని. నాలుగు అంటే తిరిగొచ్చిందని తేలిపోయింది, వైద్యం సంగతి చూడండి అని. పుట్టిన చోటికి ఒక సంఖ్య, మెడకు ఒక సంఖ్య విడిగా ఇస్తారు. మీ నాయనగారి మెడకు ఒకటి వచ్చింది. ఏడు పేజీల్లో ఆ మాట ఒక్కసారే రాశారు, అదీ బ్రాకెట్లో. ఈ కాగితంలో ఉన్న మంచి వార్త అదే. నోటి క్యాన్సర్ పాకితే ముందుగా వెళ్ళేది మెడ గ్రంథులకే.

రెండులో మళ్ళీ రెండు రకాలున్నాయి. నోటి పైపొరలో, కంటికి అందే చోట ఏదో మెరుస్తుంటే 2ఎ. దానికి స్కాన్లు అక్కర్లేదు, డాక్టరు నోరు తెరిపించి లైటు వేసి చూస్తే చాలు. లోపల, చూపుకు అందని లోతులో, హద్దులు సరిగా లేని మందం కనిపిస్తే 2బి. మీ కాగితంలో, అతికిన కండకు వెనక అంచున, దవడ పక్కన అని రాసి ఉందన్నారు. ఇలాంటి చోట జబ్బు తిరిగొస్తే అతికిన కండ అంచుల్లోనే ఎక్కువగా వస్తుంది, అందుకే రేడియాలజిస్టు దాన్ని వదిలేయలేదు. కానీ తిరిగొచ్చిన గడ్డ సాధారణంగా ఉండలా, అంచులు తెలిసేలా ఉంటుంది. ఇది అలా లేదు. అందుకే మూడు వేయలేదు.

అంకెలు అడిగారు కాబట్టి చెబుతాను. ఈ కొలమానాన్ని మొదట వాడిన అమెరికా వైద్యులు 2017లో తమ 318 స్కాన్ల లెక్క వేశారు. ఒకటి వచ్చినవాటిలో తర్వాత జబ్బు తేలింది 3.79 శాతం, రెండు వచ్చినవాటిలో 17.2 శాతం, మూడు వచ్చినవాటిలో 59.4 శాతం. అంటే రెండు వచ్చిన ఆరింటిలో ఐదింట ఏమీ లేదు, ఒకదాంట్లో ఉంది. ఈ లెక్కను ఉన్నదున్నట్టు మీ ఇంటికి తెచ్చుకోకండి. అక్కడ వైరస్ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్లు ఎక్కువ, మన దగ్గర పొగాకు వల్ల వచ్చే బుగ్గ, నాలుక క్యాన్సర్లు ఎక్కువ. ఒకటి కూడా సున్నా కాదని మాత్రం గమనించండి. ఆ మొదటి పదిరోజుల నిశ్చింత ఏ స్కానూ ఇవ్వగలిగింది కాదు.

ఇక్కడ నా సొంత గోడు కొంత చెప్పుకోవాలి. ఈ సంఖ్యలు రాకముందు మేం ఎలా రాసేవాళ్ళమో మీకు తెలియదు. ‘ఎడమ బుగ్గ ప్రాంతంలో మృదుకణజాలపు మందం గమనించబడినది. శస్త్రచికిత్సానంతర మార్పులు కావచ్చును. వ్యాధి పునరావృతిని తోసిపుచ్చలేము. క్లినికల్‌గా సరిచూసుకోగలరు.’ ఈ నాలుగు వాక్యాలూ నేను కొన్ని వేలసార్లు రాసి ఉంటాను. ఒకరోజు మా ఆసుపత్రిలో ఒక సర్జన్ అలాంటి కాగితం పట్టుకుని మెట్లు దిగి నా గదికొచ్చాడు. “సార్, ఇది చదివాక నేను కత్తి పట్టుకోవాలా, ఇంటికి పంపాలా?” అన్నాడు. జవాబు నా దగ్గర లేదు. ఉన్నా రాసే ధైర్యం లేదు. ‘తోసిపుచ్చలేము’ అంటే రేపు ఏం జరిగినా నా మీదికి రాదు కదా. సంఖ్య వేయాలంటే తప్పించుకునే దారి ఉండదు, ఒకటో రెండో మూడో తేల్చాలి, తేల్చాక తర్వాతి పని కూడా రాయాలి. మీకు చేదుగా తోచిన ఆ ‘2బి’ నాకు మటుకు నిజాయితీగా కనబడింది. అయినా ఆ కాగితం చేతికిచ్చిన రోజు కౌంటరులో ఎవరైనా మూడు నిమిషాలు కూర్చుని చెప్పి ఉంటే మీ ఇంట్లో ఇన్ని రాత్రులు పాడయ్యేవి కావు. ఆ మాట ఆ సెంటర్ వాళ్ళతో మర్యాదగా చెప్పండి. రిపోర్టు రాసిన డాక్టరుతో ఐదు నిమిషాలు మాట్లాడే హక్కు మీకుంది. అడిగితే చాలామంది మాట్లాడతారు. అడగరని మేం దిగిరాం, దిగిరామని మీరు అడగరు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది మీ సర్జన్ చెప్పిందే, మూడు నెలలు ఆగి మళ్ళీ అదే రకం స్కాన్. మీ తేదీల ప్రకారం ఉగాది దాటి ఏప్రిల్ చివరికి వస్తుంది. అది ఆపరేషన్, కరెంటు మిగిల్చిన మచ్చ అయితే అప్పటికి తగ్గుతుంది, లేదా అలాగే ఉంటుంది. జబ్బయితే పెరుగుతుంది, ఆకారం తెచ్చుకుంటుంది. ఆ తేడా చూపించేది గడిచిన కాలమే, ఏ యంత్రమూ కాదు. ఖర్చు తక్కువ, నాయనగారికి నొప్పి లేదు. దీనికి మీరు చెల్లించే ధర ఏమిటంటే ఆ మూడు నెలలు. ఒకవేళ ఆరింటిలో ఆ ఒక్కటి మీదే అయితే కొన్ని వారాలు పోతాయి. అందుకే ‘ఆగడం’ అంటే ఊరుకోవడం కాదు, నెలకోసారైనా సర్జన్ దగ్గర నోరు, మెడ చేత్తో తడిమి చూపించుకోవాలి. మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి చూడడం ఎలాగూ పద్ధతే. తిరిగొచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్ళలోనే వస్తాయి.

రెండోది పెట్ స్కాన్. గ్లూకోజు లాంటి మందును రక్తంలోకి ఎక్కించి, దాన్ని ఎక్కువగా తినేసే చోటు ఎక్కడుందో చూస్తారు. క్యాన్సర్ బాగా తింటుంది. చిక్కేమిటంటే వాపూ తింటుంది. అందుకే కరెంటు అయ్యాక 12 వారాల లోపు పెట్ తీయవద్దంటారు, లేని జబ్బు ఉన్నట్టు కనబడుతుంది. మీకు ఆ గడువు దాటింది. 2016లో బ్రిటన్ నుంచి 564 మంది మీద చేసిన పెద్ద పరిశీలన వచ్చింది. కీమో, కరెంటు పూర్తయ్యాక అందరికీ మెడ ఆపరేషన్ చేసే బదులు 12 వారాలకు పెట్ తీసి, అవసరమైనవాళ్ళకే చేస్తే, బతికే కాలంలో వెనకబాటేమీ లేదని తేలింది. మీ నాయనగారి కేసు అచ్చం అలాంటిది కాదు, కానీ సరైన సమయంలో తీసిన పెట్ మాటకు విలువ ఉందని చెప్పడానికి ఇది చాలు. పెట్‌లో ఆ చోటు చల్లగా ఉంటే మీకు చాలా ధైర్యం. గట్టిగా వెలిగితే బయాప్సీకి ఎక్కడ గుచ్చాలో తెలుస్తుంది. సగం సగం వెలిగితే మాత్రం డబ్బు పోయి మళ్ళీ మూడు నెలలు ఆగమనే మాటే వినాల్సి రావచ్చు, దానికి సిద్ధపడి వెళ్ళండి.

నాయనగారికి షుగరుందన్నారు కాబట్టి ఒక మాట. నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకుండా ఉండాలి, ఆ సమయానికి షుగరు 200 లోపు ఉండాలి, లేకపోతే వెనక్కి పంపేస్తారు. మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడు ఆపాలో ముందురోజే అడగండి. మందు ఎక్కించాక మాట్లాడకూడదు, నమలకూడదు. దవడ కండరాలు కదిలితే అవీ గ్లూకోజు తినేసి వెలుగుతాయి, సరిగ్గా మనం చూడాల్సిన చోటే గజిబిజి అవుతుంది. ఆ మందు సత్తువ 110 నిమిషాలకు సగమైపోతుంది, దాచిపెట్టుకునేది కాదు. ఇచ్చిన టైముకు వెళ్ళకపోతే ఆ డోసు వృథా.

మూడోది అన్నగారి బయాప్సీ. ఇక్కడ మేనమామ గారి మాట ముందు తేలుద్దాం. కత్తి తగిలితే పాకుతుందన్న భయంతో అవసరమైన బయాప్సీ మానుకుని, నాలుగు నెలల తర్వాత ఏమీ చేయలేని స్థితిలో వచ్చినవాళ్ళని ఎంతమందినో చూశాను. ఆ మాట వినకండి. ఆయనతో వాదించకండి కూడా, ప్రేమతో అంటున్న మాటే అది. కానీ బయాప్సీ ఇప్పుడే వద్దనడానికి వేరే కారణాలున్నాయి. కరెంటు పడ్డ కండ త్వరగా మానదు. పక్కనే దవడ ఎముక ఉంది, కరెంటు పడ్డ ఎముకకు గాయమైతే కుళ్ళే ప్రమాదం ఉంది. పైగా హద్దుల్లేని మందంలో ఎక్కడ గుచ్చాలి? మచ్చ ముక్క వచ్చి ‘క్యాన్సర్ లేదు’ అని కాగితం వస్తే అన్నగారు నిద్రపోతారు, నేను నిద్రపోను. గుచ్చిన చోట వాపు వస్తే తర్వాతి స్కాన్‌లో మళ్ళీ కొత్త అనుమానం. కాబట్టి 2బికి వెంటనే బయాప్సీ అనేది మామూలు దారి కాదు. ఎప్పుడు అవుతుందంటే, డాక్టరు వేలితో తడిమినప్పుడు గట్టిగా తగిలినా, పెట్‌లో వెలిగినా, రెండో స్కాన్‌లో పెరిగినా. అప్పుడు అన్నగారే కరెక్టు, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. ఈ షరతు ఆయనకు అలాగే చెప్పండి. ‘వద్దు’ అంటే కోపమొచ్చే మనిషికి ‘ఇది జరిగితే ఆ రోజే’ అంటే కొంత నెమ్మది వస్తుంది.

నాలుగోది మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. ఈ సీడీలన్నీ మరో చోట మరో రేడియాలజిస్టుకు చూపించడం. తిరుపతిలోనే స్విమ్స్ ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చిత్తూరు పక్క మీ ఊరి నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రి గంట దారి. ఒకటికీ రెండుకూ మధ్య ఇద్దరు మంచి డాక్టర్లు కూడా తేడాగా చెప్పవచ్చు, అందులో వింతేమీ లేదు. అయితే ముగ్గురి దగ్గరికీ, నలుగురి దగ్గరికీ తిరిగి మీకు నచ్చిన అంకె దొరికేదాకా అడగడం మొదలుపెట్టకండి. ఒక్క రెండో అభిప్రాయం, అదీ ఆపరేషన్ చేసిన డాక్టరుకు చెప్పి.

నన్ను అడిగితే, మీ సర్జన్ చేత్తో తడిమి చూసి గట్టిగా ఏమీ లేదంటే, మొదటి దారి. అన్నగారు మూడు నెలలు ఆగలేరు, మీ ఇల్లూ ఆగలేదు అనిపిస్తే రెండోది, దానికి పెట్టే ఖర్చు ఇంటి ప్రశాంతతకు పెట్టిన ఖర్చనుకోండి. రెండూ ఆ రిపోర్టు అనుమతించే దారులే.

ఒకటి మాత్రం మూడు నెలల కోసం చూడకూడదు. నోరు తెరిపించి మీ నాయనగారి మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పడుతున్నాయేమో చూడండి. ఆపరేషన్ అయిన నోరు కాబట్టి ఇప్పటికే రెండే పట్టవచ్చు. ఇవాళ ఎన్ని పడుతున్నాయో రాసి పెట్టుకోండి. వచ్చే నెలకు రెండు ఒకటైతే, చెవిలోకి పోటు మొదలైతే, మెడలో ఏదైనా తగిలితే, మానని పుండు కనబడితే, అన్నం తగ్గకుండానే మనిషి తగ్గిపోతుంటే, స్కాన్ తేదీ పక్కన పెట్టి ఆ వారమే ఓపీకి వెళ్ళండి. కరెంటు పడ్డ వైపు పన్ను కదిలితే మీ వీధి డెంటిస్టు దగ్గర పీకించకండి, ముందు రేడియేషన్ డాక్టరును అడగండి. పొగాకు నిజంగా మానేశారో లేదో కూడా చూసుకోండి. మీ ఉత్తరంలో ‘ఇప్పుడు దాదాపు లేదు’ అని ఉంది. ఆ ‘దాదాపు’ నాకు నచ్చలేదు.

ఇక నాయనగారు.

మీ అన్నగారు మీ చేత కాణిపాకం వినాయకుడి మీద ప్రమాణం చేయించారన్నారు. అబద్ధమాడినవాళ్ళ చేత నిజం చెప్పించడానికి ఊళ్ళ నుంచి తీసుకొచ్చి ప్రమాణాలు చేయించే దేవుడు ఆయన. ఆయన మీద ‘దాచిపెడతాను’ అని ఒట్టు పెట్టించడం మీ అన్నగారికే చెల్లింది. తిట్టడం లేదు, భయపడ్డ కొడుకు చేసిన పని అది. దాన్ని మీరు ఒక్కరే తీసి పారేయకండి. ముందు అన్నకు ఫోన్ చేసి, “ఈ ఒట్టు నాకు మోయడం చేతకావడం లేదు, నువ్వే విడిపించు” అనండి. ఆయన ఉన్నప్పుడే, వీలైతే ఆయన చేతనే చెప్పించండి. ఆయన ససేమిరా అంటే అప్పుడు మీ ఇష్టం. నా వరకు తండ్రి అడిగిన సూటి ప్రశ్నకు కూతురు వంటింట్లోకి వెళ్ళడం ఏ దేవుడికీ చేసే సేవ కాదు.

ఎందుకంటే ఆయనకు తెలుసు. ‘టికెట్టు యాడి దాకా’ అన్న మనిషికి తెలియదా? ముప్పై ఏళ్ళు బస్సులో నిలబడి, టికెట్టు తీసుకోకుండా కిటికీలోంచి బయటకు చూసేవాణ్ణి మొహం చూసి పట్టేసిన కండక్టరు ఆయన. మీరు చెంబు కోసం లేచిన తీరు చాలు. పైగా దాచితే ఆయన ఊహించుకునేది రెండు కాదు, నాలుగు. ఉన్నదానికంటే పెద్దది ఊహించుకుని ఒంటరిగా మోస్తారు. వచ్చే నెల నోరు తెరుచుకోవడం తగ్గినా మీకు చెప్పరు, మీరు భయపడతారని. ఆ నోటి సంగతి అందరికంటే ముందు తెలిసేది ఆయనకే, ఆయనే మీతో మాట్లాడడం మానేస్తే ఏ స్కాన్ ఏం చేస్తుంది?

చెప్పడం వల్ల నష్టం లేదనను. కొన్ని రాత్రులు నిద్ర ఉండదు. తిండి తగ్గవచ్చు. కొందరు మళ్ళీ పొగాకు ముట్టుకుంటారు. మీ నాయనగారు అలాంటివారా కాదా మీకే తెలుసు. పూర్తిగా వద్దనుకుంటే సగమైనా చెప్పవచ్చు, ‘స్కాన్‌లో ఒకచోట సరిగా కనబడలేదంట, మళ్ళీ తీయాలంట’ అని. అది అబద్ధం కాదు. కానీ ఆయన తర్వాతి ప్రశ్న వేస్తే ఇంకో అబద్ధం వెతుక్కోకండి.

నేనైతే ఇలా అంటాను: “నాయనా, మెడలో ఏమీ లేదంట. బుగ్గలో అతికిన కండ పక్కన కొంచెం మందం ఉంది, మచ్చో ఇంకోటో తెలీదంట, మచ్చయ్యే అవకాశమే ఎక్కువంట. మూడు నెలలకు మళ్ళీ తీస్తారు. అప్పటిదాకా నీకేమన్నా తేడా కనిపిస్తే నాకు ముందు చెప్పాల.” ఇంతకంటే ఎక్కువ వద్దు. ఆయన ‘సరే’ అని సంగటి తినేస్తే తినేయనివ్వండి. ఆ సున్నా గురించి కూడా చెప్పండి, మేం తప్పు చదివాం అని. గుండు వృథా అయిందని అమ్మ బాధపడుతోందన్నారు. మొక్కు ఆపరేషన్ గట్టెక్కినందుకు తీర్చారనుకోండి, అది నిజమే కదా.

అమ్మకు కూడా అదే రోజు, అదే మాటల్లో చెప్పండి. ఇద్దరికీ వేరువేరు కథలు చెబితే గుర్తుపెట్టుకోలేక మీరే దొరికిపోతారు.

చివరగా సీడీలు. మామిడి కొమ్మ మీదిది ఎండకీ మంచుకీ పాడయ్యే ఉంటుంది, ఆపరేషన్ చేసిన చోట రికార్డుల విభాగంలో అడిగితే మళ్ళీ కాపీ ఇస్తారు. ఫిల్ములు చాలవు, అందులో ఉండేది ఏరిన కొన్ని బొమ్మలే. మొత్తం బొమ్మలున్న సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ కావాలనండి. ఆపరేషన్ రిపోర్టు, తీసిన గడ్డ పరీక్ష రిపోర్టు, కరెంటు ఎంత పెట్టారో రాసిన కాగితం, ఈ మూడూ జత చేయండి. ఏప్రిల్‌లో స్కాన్‌కు వెళ్ళే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి, కాంట్రాస్టు మందు ఎక్కించాలంటే అడుగుతారు. మెడకు కరెంటు పడింది కాబట్టి ఆరునెలలకో ఏడాదికో థైరాయిడ్ పరీక్ష కూడా ఉంటుంది, అది చాలామంది మరచిపోతారు.

అన్నీ ఆ టికెట్ల సంచీలోనే పెట్టి సంచీ నాయనగారికే ఇవ్వండి. వీలైతే అదే సెంటర్, అదే యంత్రం. ఈసారి కౌంటరులో కాగితం ఇవ్వకముందే, లోపలున్న డాక్టరును ఒకసారి చూడాలని అడగండి.